పూటకు పది గోలీలు

సారూ, గోలీలు మింగుడు పడుతలేదు, జర నీళ్ళ మందో పొడి మందో ఇయ్యుండ్రి. గింతే మాట. పొద్దుగాల సిరిసిల్లల బస్సెక్కినప్పటి సంది బాలమల్లు ఈ మాటనే నోట్లె పెట్టుకోని కూసున్నడు. బస్సుల ఉన్నంతసేపు అలకగనే అనిపించింది, ఎవలకన్న చెప్పే మాటనే కదా, బువ్వ ఉడకలే అన్నట్టు, నూలు చిక్కువడ్డది అన్నట్టు. వేములవాడ దాటినంక జర బరువైంది. కరీంనగర్ల దిగి దవాఖాన గేటు కనవడంగనే సగం మాట ఎటో పోయింది, మిగిలిన సగం గొంతుల అడ్డం తిరిగింది. ఇప్పుడు అరుగు మీద, సున్నం రాలే గోడకు వీపు ఆనిచ్చి, చేతుల ఉన్న చిట్టీని మల్ల మల్ల చూసుకుంటున్నడు. ముప్పై ఒకటి. లోపలికి పోయింది పందొమ్మిది. నడుమ పదకొండు మంది. ఆ పదకొండు మంది ఒక్కొక్కలు గంట గంట లోపలనే ఉంటే బాగుండు, సారుకు అన్నం యాళ్ళయి లేచిపోతే బాగుండు, రేపు రమ్మంటే ఇంక బాగుండు. కని కంపౌండరు జబ్బార్ దర్వాజల నిలవడి ఇరవై అన్నడు, ఇరవై ఎవలు, జల్దీ జల్దీ అన్నడు, ఒక ముసలామె కట్టె పట్టుకోని లేచింది. పది మందే మిగిలిన్రు.

పక్కపొంటి నర్మద కాళ్ళు ఊపుకుంట కూసున్నది. తొమ్మిదేండ్ల పిల్ల, తలకు ఆముదం పెట్టి రెండు జడలు గట్టిగ అల్లి పంపింది వాళ్ళవ్వ. కరీంనగరం చూపిస్త, గాజులు కొనిస్త అని తోల్కచ్చిండు. పిల్లను ఎందుకు తోల్కపోతున్నవని పిల్ల తల్లి యాదవ్వ అడిగితె గదే చెప్పిండు. తనకు తాను గూడ గదే చెప్పుకున్నడు. పిల్ల పది పన్నెండు దినాల సంది దగ్గుతున్నది. చలికాలం కదా, వాడకట్టంత దగ్గుతున్నది, గా కరెంటుతోని నడిచే సాంచల కార్ఖాన వచ్చినంక దుమ్ము గూడ ఎక్కువైంది అని యాదవ్వ శొంఠి కాసి పోసింది. బాలమల్లు అవునన్లే, కాదన్లే. మొగ్గం గుంటల కాళ్ళు పెట్టుకోని నేస్తుంటే, ఎనుక రాట్నం కాడ కండెలు చుట్టే పిల్ల దగ్గినప్పుడల్ల చెయ్యి ఆగేది. ఒక దగ్గు. ఇంకొకటి. ఆగిందా, ఆగింది. మల్ల నేసేది. ఆగిన చెయ్యిని ఎవలు చూడలేదనుకునేది. ఉత్త పడిశమేనేమో. ఆ దగ్గు పొడిగున్నది, తన దగ్గు మొదాల్ల అట్ల లేదు. లేకుంటే అట్లనే ఉండెనా. తన దగ్గు ఎట్ల మొదలైందో యాదికి తెచ్చుకుందామంటే యాదికి వస్తలేదు, ఎప్పుడో ఒకనాడు దగ్గిండు, అంతే, ఆ పైన ఏడాదికి తెల్ల రుమాల మీద ఎర్ర చుక్క కనవడ్డది.

సూదులంటే భయం లేకుండె. మొదాలు సూదులే వేసిన్రు, దినాం ఒకటి, సిరిసిల్ల దవాఖానలనే. కంపౌండరు సూది మరిగిస్తుంటే పక్కన పెద్ద పెద్ద మొగోళ్ళు మొఖం తిప్పుకునేది, బాలమల్లు తిప్పుకోలే. తొడ రాయి లెక్క గట్టివడ్డా ఏమనలే. గా సూదులకే జరం పోయింది, ఆకలైంది, యాదవ్వ మొఖంల నవ్వు కనవడ్డది. సూదులు ఒడిసినంక గోలీలు ఇచ్చిన్రు. పొద్దుగాల పది, మాపటికి పది. ఒక్కొక్కటి చింతగింజంత, తెల్లగ, అంచులు గీరుకునేటట్టు. నమలద్దు, నూరద్దు, ఉన్నదున్నట్టే మింగాలె అని జబ్బార్ కాయిదం పొట్లాలు చేతుల పెట్టుకుంట చెప్పిండు. ఏడాదిన్నర మింగాలె. బాలమల్లు తల ఊపిండు. తల ఊపుడు ఎంత సులువు.

మొదటినాడు యాదవ్వ ఇత్తడి చెంబు నిండ నీళ్ళు తెచ్చింది, అరచేతుల పది గోలీలు పెట్టుకోని ముందల నిలవడ్డది. ఒకటి నాలిక మీద పెట్టుకున్నడు. నీళ్ళు పోసుకున్నడు. నీళ్ళు పోయినయి, గోలీ పోలే. మల్ల నీళ్ళు. గొంతు తలుపు మూసుకున్నది, లోపల ఎవలో గడియ పెట్టుకున్నట్టు, అది తన గొంతే, తన మాట ఇనదు. గోలీ అంగిట్ల కరిగి చేదు మొదలైంది, కడుపుల కెల్లి అంబలి ఎగిరొచ్చింది, ముక్కులకు ఎక్కింది, ఊపిరి ఆగింది, కండ్లల్ల నీళ్ళు, చెవులల్ల హోరు. యాదవ్వ వీపు మీద కొట్టుకుంట ఏమైంది ఏమైంది అన్నది. చావంటె గిట్లనే ఉంటది అనుకున్నడు ఆ గడియల. రోగంతోని చచ్చుడు మెల్లగ దూరంగ ఎక్కడనో ఉన్నది, గోలీతోని చచ్చుడు నాలిక మీదనే ఉన్నది. తెల్లారి నూరి చూసిండు, బెల్లంల కలిపి చూసిండు, నోట్లె పెట్టంగనే వాంతి. వాంతిల ఎర్రగ ఏదో కనవడ్డది, అది బెల్లమో నెత్తురో తెల్వక యాదవ్వ ఏడ్చింది. ఆమె ఏడుపు చూసినంకనే మూడోనాడు గోలీని దవడకు నొక్కిపెట్టి, నీళ్ళు తాగి, నోరు తెరిచి చూపించిండు. మింగినవా. మింగిన. అట్ల మొదలైంది. దవడకు పెట్టుకునుడు, నోరు కడుక్కుంటనని పెరట్లకు పోవుడు, చిక్కుడు పాదు కాడ కాలితోని మన్ను తీసి ఉమ్మి కప్పుడు. ఈ ఏడు చిక్కుడు తీగ మస్తు కాసింది. యాదవ్వ కూర వండితె బాలమల్లుకు ముద్ద దిగకపోయేది. తినవేందంటే ఆకలి లేదనేటోడు.

ఇరవై మూడు, అన్నడు జబ్బార్.

ముప్పై ఆరేండ్లోడు, మొగ్గం మీద కూసుంటే పొద్దుగూకేదాంక లేవనోడు, బారెడు బారెడు జొన్నరొట్టెలు తిన్నోడు, గోలీ మింగలేడా. ఎవలన్న ఇంటే నవ్వుతరు. ఆడోళ్ళు మింగుతున్నరు, ముసలోళ్ళు మింగుతున్నరు. గదిగో ఎదురుంగ బల్ల మీద కూసున్న ముసలాయన, బోసినోరు, జేబుల కెల్లి పొట్లం తీసి, నీళ్ళు గూడ లేకుంట, తల ఎనుకకేసి, అయిపోయింది. నవ్వినా మానె. నవ్వుతరని గాదు బాలమల్లు భయం. అంతయ్య యాదికొస్తున్నడు. మొదటిసారి ఇక్కడికి వచ్చిన్నాడు ఇదే అరుగు మీద పక్కన కూసున్నడు, జగిత్యాల దిక్కాయన, మంచిగ మాట్లాడిండు, శెనగలు పెట్టిండు. అంతయ్య లోపలికి పోయినంక సారు గొంతు బయటికి వినవడ్డది. సారు ఆంధ్రా దిక్కు నుంచి వచ్చినాయన, ఆయన తెలుగు రేడియోల వచ్చే తెలుగు లెక్కనే ఉంటది. వేసుకోకపోతే ఎందుకయ్యా తీసుకుపోవడం, ఈ మందు కోసం బయట ఎంతమంది కాచుకుని ఉన్నారో తెలుసా, అన్నడు. ఎనుకనే కాయిదం చినిగిన సప్పుడు. అంతయ్య బయటికి వచ్చిండు, ఎవలను చూడకుంట మెట్లు దిగి పోయిండు. చినిగింది మందులిచ్చే కార్డో, ఉత్త కాయిదమో, బాలమల్లు చూడలే. చూడలేదు కాబట్టే మూడు నెలల సంది ఆ సప్పుడు చెవులల్లనే ఉన్నది. కార్డు చింపితె మందు లేదు. మందు లేకుంటె తన బాపు ఎట్ల పోయిండో అట్ల పోవుడే.

బాపుకు మందు లేకుండె. లచ్చయ్య అంటే వాడకట్టుల మంచి పనిమంతుడు, సన్నం నూలు ఆయన చేతుల తెగకపోయేది. మొగ్గం రోగం అన్నరు, గాలి సోకింది అన్నరు, మేకపాలు తాగిపించిన్రు, తాయెత్తు కట్టిన్రు. చివరికి బాపు మొగ్గం పక్కన్నే పండేది, కొడుకు నేస్తుంటే తప్పువడ్డ పోగు సప్పుడు పట్టి చెప్పేది. గీ తెల్ల గోలీ ఒక్కటి దొరుకుతదంటే బాపు నడిచి పోయేటోడు, హైదరాబాదు దాంక నడిచి పోయేటోడు. తను పెరట్ల పాతిపెట్టిండు. ఎన్ని పాతిపెట్టిండు. లెక్క వద్దు. బాపు చూస్తే ఏమనేటోడు. బాపు ఏమనేటోడు గాదు, మొఖం గోడ దిక్కు తిప్పుకునేటోడు, గది ఇంక కష్టం.

గీ గొంతు ఎప్పుడు గిట్లయింది. చిన్నప్పుడు రేగువండ్లు గింజలతోనే మింగేటోడు. రజాకార్ల దినాలల్లనేనేమో. అప్పటికి ఇరవై ఏండ్లు. ఊర్లకు జీపు వచ్చిందనంగనే బాపు తనను మొగ్గం గుంటల కూసోవెట్టి మీద నూలు చిలుపలు కుప్పవోసిండు. నూలు దుమ్ము ముక్కులకు పోయింది, గొంతుల దురద మొదలైంది. పైన బూట్ల సప్పుడు, బాపును ఎవలో అడుగుతున్నరు, పోరడు ఏడీ. దగ్గు వస్తున్నది. దగ్గితే అయిపోయింది, తను, బాపు, ఇల్లు. మోకాలును నోట్లె కుక్కుకున్నడు. దగ్గును లోపలికి మింగిండు, ఒక్కసారి గాదు, ఆ బూట్లు పోయేదాంక మింగుకుంటనే ఉన్నడు. అప్పటి సంది ఏమన్న గొంతుల ఆగితె ఆ చీకటి, ఆ నూలు వాసన. నిజమేనా, లేకుంటె ఇప్పుడు కల్పించుకుంటున్నడా, సారుకు ఒక మంచి కారణం చెప్పాలెనని. సారుకు గివన్ని ఎట్ల చెప్తడు. పదహారేండ్ల కింద మొగ్గం గుంటల దాసుకున్న సారూ, అందుకే మీ గోలీలు మన్నుల పెట్టిన, అంటడా.

నర్మద దగ్గింది. బల్ల మీద ఎదురుంగ కూసున్న ఆమె పిల్ల దిక్కు చూసింది, తన చిన్నపిల్లగాన్ని జర అవతలికి జరుపుకున్నది. బాలమల్లు ఆ చెయ్యినే చూసిండు. నీళ్ళు తాగుతవా బిడ్డా అన్నడు. వద్దు బాపూ అన్నది. ఇద్దరికి ఒక్కటే గిలాస ఇంట్ల. తను తాగి పెట్టిన గిలాసల పిల్ల తాగుతది. వద్దని యాదవ్వకు ఎట్ల చెప్తడు, మందు మింగుతుంటే అంటుకోదని సారే చెప్పిండు కదా అంటది. మందు మింగుతుంటే. తను ఉమ్మింది ఉత్త గోలీ గాదు. తను ఉమ్మిన ప్రతి గోలీ ఎనుక పిల్ల నోరు ఉన్నది. గీ మాట గిట్ల ఇప్పటి దాంక అనుకోలే, అనుకోకుంట ఉండెటందుకే గాజులు అన్నడు, కరీంనగరం అన్నడు. ఇరవై రోజుల సంది పొద్దుగూకంగనే మల్ల జరం వస్తున్నది తనకు. రాత్రిళ్ళు అంగి తడుస్తున్నది. యాదవ్వ అంగి పిండుకుంట సారు గోలీలు మారుస్తడేమో అడుగు అన్నది. మార్చమని అడుగు. ఆమెకు తెల్వకుంటనే ఆమె నోటికెల్లి వచ్చింది ఆ మాట. పోయిన శుక్రారం వచ్చి తీయించుకున్న ఛాతి ఫోటో లోపల సారు బల్ల మీద ఉంటది, మట్టిరంగు కవర్ల. నోరు తెరిచి చూపించుకుంట యాదవ్వను మోసం చేయొచ్చు. ఫోటోకు నోరు తెరిచి ఏం చూపిస్తడు.

లేచి పోతే. గాజులు కొనిచ్చి, బస్సెక్కి, సారు లేడు అని చెప్తే. కాళ్ళు లేవనికి సిద్ధమైనయి, సంచి చేతుల పట్టుకున్నడు.

ముప్పై ఒకటి. బాలమల్లు. అరే మియా, నిన్నే. నిద్రవోతున్నవా.

నడుమ ఉన్నోళ్ళు ఎప్పుడు పోయిన్రో తెల్వలే. నర్మదే ముందుగ లేచి బాపు చెయ్యి పట్టుకున్నది. లోపల స్పిరిటు వాసన, కిటికీల కెల్లి ఎండ. సారు ఫోటోను కిటికీ దిక్కు ఎత్తి పట్టుకోని నిలవడ్డడు. నల్లటి దాంట్ల తెల్లటి పక్కటెముకలు, వాటి నడుమ పొగ లెక్క ఏదో.

"మొన్నటికంటే పెరిగింది" అన్నడు సారు, ఫోటో మీది చూపు తియ్యకుంట. "తగ్గాలి కదా. మందులు సరిగా వేసుకుంటున్నావా?"

"యేసుకుంటున్న సారూ." నోరు తనంతల తానే అన్నది. మూడు నెలల అలవాటు.

సారు ఇటు తిరిగిండు. కండ్లద్దాల ఎనుక కండ్లు అలిసిపోయి ఉన్నయి. "ఒక్కపూట కూడా మానలేదా?"

ఇప్పుడు. పొద్దుగాల సంది మోసుకొచ్చిన మాట ఇప్పుడే. బాలమల్లు నోరు తెరిచిండు. మాట వంకరగ వచ్చింది. "లేదు సారూ. కని గోలీలు జర పెద్దగున్నయి. మింగేటప్పుడు జర కష్టమైతున్నది."

"ఎన్ని రోజులుగా?"

"నాలుగొద్దులు."

ఎనుక నర్మద దగ్గింది. చెయ్యి అడ్డం పెట్టుకోని, చిన్నగ, దవాఖానల దగ్గుడు తప్పేమో అన్నట్టు. సారు చూపు బాలమల్లు భుజం మీదికెల్లి పిల్ల మీదికి పోయింది. అక్కడ ఆగింది. "ఈ పిల్ల నీ కూతురా?" అన్నడు. గంతే అన్నడు. బాలమల్లుకు గొంతుల ఉన్నదేదో తెగింది.

"నాలుగొద్దులు గాదు సారూ. మీరు ఇచ్చిన్నాటి సంది. మూడు నెలలైంది. ఒక్కటి గూడ కడుపులకు పోలే. నోట్లె పెట్టుకుంటె పానం పోతదనిపిస్తది. నా ఇంటిదానికి గూడ తెల్వది, మింగిన్నని చెప్పుకుంటొచ్చిన. అన్ని పెరట్ల పాతిపెట్టిన." మాటలు ఒకదాని మీద ఒకటి వడ్డయి. నర్మద చెయ్యి తన చేతుల బిగుసుకున్నది, పిల్ల ఇంటున్నది, ఇననీ. "నా కార్డు చింపుండ్రి సారూ, మీ ఇష్టం. పిల్లను మాత్రం చూడుండ్రి."

జబ్బార్ సీసాలు సర్దుడు ఆపిండు. సారు కుర్చీల కూసున్నడు. కార్డు ముందల పెట్టుకున్నడు. బాలమల్లు ఆయన చేతులనే చూస్తున్నడు, సన్నటి వేళ్ళు, కార్డు అంచు మీద ఉన్నయి, ఇగ ఇప్పుడు చినుగుతది. సారు కలం తీసి ఒక గీత కొట్టిండు, పైన ఏదో రాసిండు.

"మింగలేనని మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గయింది సారూ."

"నీ ఒక్కడికే అనుకున్నావా? మింగలేని వాళ్ళు వారానికి ఇద్దరైనా వస్తారు. ఇదే మందు పొడిగా ఉంది. నీళ్ళలో కలుపుకొని తాగడమే. అడిగితే ఆ రోజే ఇచ్చేవాణ్ణి." ఆయన గొంతుల కోపం లేదు, కోపం ఉంటే బాగుండు. "జబ్బార్, ఆ డబ్బా తియ్యి."

డబ్బా దర్వాజ పక్కన చెక్క మీదనే ఉన్నది. మొదటిసారి వచ్చినప్పుడు దాని కింద నిలవడి గోలీల పొట్లాలు చేతులు చాపి తీసుకున్నడు బాలమల్లు. ఇప్పుడు జబ్బార్ దాన్ని దించి మూత తీస్తుంటే, దవడ కింద పెట్టుకున్న గోలీలు, పాదుల మన్ను, తినని చిక్కుడు కూర, యాదవ్వ పిండిన అంగీలు, అన్ని గింత చిన్న డబ్బాను అడగకపోబట్టే అనిపించింది.

సారు నర్మదను దగ్గరికి పిలిచి గొట్టం ఛాతి మీద పెట్టిండు. గట్టిగా ఊపిరి తీసుకోమ్మా. వదులు. ఇటు తిరుగు. పిల్ల భుజాల ఎముకలు జాకెట్టు కింద లేస్తున్నయి, దిగుతున్నయి. బాలమల్లు తన ఊపిరి ఆపుకున్నడు, ఆ గొట్టంల ఏం వినవడుతున్నదో తనకు గూడ వినవడుతదేమోనని. సారు చెవులల్ల కెల్లి గొట్టం తీసిండు. "ఇప్పుడే ఏమీ చెప్పలేను. ఈమెకూ ఫోటో తీయాలి. గురువారం చెప్తాను. అందాక ముందు జాగ్రత్తకు రోజుకొక గోలీ వెయ్యి. చిన్నదే."

గురువారం. మూడు రోజులు. యాదవ్వకు గీ రాత్రి చెప్పాలె, ఫోటో సంగతి చెప్పాలె, అది ఎందుకో చెప్పాలె. జబ్బార్ పిల్ల చేతుల గోలీ పెట్టుడు, గిలాసల నీళ్ళు పోసుడు కంటి కొసకు కనవడంగనే బాలమల్లు బల్ల మీదికి వంగిండు. పొద్దుగాల సంది రాని మాట ఎక్కడ తట్టుకోకుంట వచ్చింది. "సారూ, పిల్లకు గోలీ వద్దు. గొంతుకు అడ్డం వడుతది. దానికి గూడ పొడి మందో నీళ్ళ మందో ఇయ్యుండ్రి, మీ కాల్మొక్త."

సారు గడ్డంతోని పిల్ల దిక్కు చూపించిండు.

నర్మద గిలాస బల్ల మీద పెట్టింది. చేతుల గోలీ లేదు. బాపు తన దిక్కు చూస్తున్నడని, నోరు పెద్దగ తెరిచి, నాలిక బయటికి చాపి, అటు ఇటు తిప్పి చూపించింది. దవడల కింద ఏం లేదు. ఏ మూలకు ఏం లేదు. "మింగిన బాపూ" అన్నది, అదేం పెద్ద పని గానట్టు.

జబ్బార్ ఇంకొక గిలాసల పొడి కలిపి చెంచతోని తిప్పి బాలమల్లు చేతుల పెట్టిండు. సల్లల బూడిద కలిపినట్టు తెల్లగున్నది. తాగిండు. నాలిక ముడుచుకున్నది, గొంతు ఎప్పటి లెక్కనే బిగుసుకోవాలెనని చూసింది, పట్టుకుందామంటే అండ్ల గట్టిగ ఏం లేకుండె, జారిపోయింది. బల్ల అంచు పట్టుకోని నిలవడ్డడు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. నర్మద కిందికెల్లి బాపు మొఖంలకు చూస్తున్నది.

"చేదున్నదా బాపూ?"

లేదు అనబోయిండు. "ఉన్నది బిడ్డా" అన్నడు. "మస్తు చేదున్నది." గిలాసల ఇంక సగం మిగిలింది. పిల్ల చూస్తుండంగనే దాన్ని మల్ల నోటికి ఎత్తిండు.